గొట్టానికి సరిపడే గుండు

ఈ సంచికకు చరిత్ర వ్యాసం కావాలని సంఘం పెద్దలు అడిగినప్పుడు మేము తీజ్ పండుగ గురించి రాద్దామనుకున్నాం. ఈలోగా చిలకలూరిపేటలోని మా గిరిజన బాలికల హాస్టల్లో సాయంత్రం స్టడీ అవర్‌లో వచ్చిన ఒక ప్రశ్న మమ్మల్ని పక్కదారి పట్టించింది.

ఎనిమిదో తరగతి పిల్లలు 1857 తిరుగుబాటు పాఠం చదువుతున్నారు. కొత్త తుపాకీ తూటాలకు ఆవు కొవ్వు, పంది కొవ్వు పూశారన్న వార్త సిపాయిలను రెచ్చగొట్టిందని పుస్తకంలో ఉంటుంది, మీరూ చదివే ఉంటారు. ఒక లంబాడీ అమ్మాయి లేచి, "మేడమ్, అసలు తూటాకి కొవ్వు ఎందుకు పూయాలి? గొట్టంలోకి ఊరికే జారవిడిస్తే పోదా?" అని అడిగింది. బీఎడ్ చదివి, ఆ పాఠం ఎన్నోసార్లు చెప్పిన మాకు జవాబు తెలియదు. రేపు చెబుతామన్నాం. ఆ రేపు రావడానికి నెల పట్టింది. ఆ నెలలో తెలుసుకున్నదే ఇక్కడ మీ ముందు పెడుతున్నాం.

మొదటి పాఠం మాకు పిల్లల దగ్గరే దొరికింది. మా హాస్టల్లో ఉన్న ఒక యానాది అమ్మాయి వాళ్ల తాత విసురు వలకు కట్టే సీసపు గుళ్లు ఇంట్లోనే పోస్తాడు. ఎలా పోస్తాడో చెప్పమంటే చకచకా చెప్పేసింది. ఇనుప గరిటెలో పాత సీసం వేసి కట్టెల పొయ్యి మీద పెడతాడు. కరిగాక పైన బూడిదలాంటి మురికి తేలుతుంది, దాన్ని పక్కకు తీసేస్తాడు. అచ్చు చల్లగా ఉంటే మొదటి రెండు మూడు గుళ్లు ముడతలు పడతాయి, అవి మళ్లీ గరిటెలోకే. అచ్చులో చుక్క తడి ఉన్నా సీసం పైకి చిమ్ముతుంది, అందుకే పిల్లల్ని దగ్గరకు రానివ్వడు. సీసం 327 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుందని మేము పుస్తకంలో చూసి చెబితే, "మా తాతకి ఆ లెక్క తెలీదు, రంగు చూసి పోస్తాడు" అంది. (సీసం పొగ, ధూళి ఒంటికి విషం. ఆ తాతకు మనవరాలితోనే కబురు పంపాం, ఆరుబయట గాలి తగిలేచోట పోయమని, చేతులు కడగందే ముద్ద నోట పెట్టొద్దని. వార్డెన్ బుద్ధి ఎక్కడికి పోతుంది!)

సీసం మన ప్రాంతానికి కొత్తది కూడా కాదు. బొల్లాపల్లి మండలంలో మన తండాలకు దగ్గర్లోనే ఉన్న బండ్లమోట్టు కొండలో సీసం ఖనిజం ఉంది. హిందుస్థాన్ జింక్ సంస్థ అక్కడ గని నడిపి, తర్వాత మూసేసింది.

ఇక తుపాకీ సంగతి. ఆ రోజుల్లో తుపాకీని మూతివైపు నుంచి నింపేవారు. ముందు మందు పోసి, దాని మీద సీసపు గుండు వేసి, చువ్వతో దట్టించాలి. గొట్టం లోపల నున్నగా ఉండేది. గుండు తేలిగ్గా జారాలి కాబట్టి గొట్టం కన్నా చిన్నగా పోసేవారు. ఈస్టిండియా కంపెనీ సిపాయి చేతిలోని మస్కెట్ గొట్టం 0.75 అంగుళం, గుండు దాదాపు 0.69 అంగుళం. అంటే మిల్లీమీటరున్నర సందు. పేల్చినప్పుడు గుండు గొట్టం గోడలకు అటూ ఇటూ కొట్టుకుంటూ బయటికొస్తుంది. వంద గజాలు దాటితే ఎటు పోతుందో చెప్పలేం. కానీ ఇందులో ఒక సుఖం ఉంది. సీసం, అచ్చు, పొయ్యి ఉన్న ఎవరైనా దానికి గుండు పోసుకోగలరు, కాస్త ఎక్కువ తక్కువైనా పేలుతుంది. మన ఊళ్లలో ఇప్పటికీ వినపడే "ట్వెల్వ్ బోర్" అన్న మాట ఆ కాలపు కొలతే. ఒక పౌను సీసంతో సమానంగా పన్నెండు గుండ్లు పోస్తే, అందులో ఒక గుండు పట్టే గొట్టమని అర్థం.

గుండు గురిగా పోవాలంటే బొంగరంలా తిరుగుతూ పోవాలి. అందుకోసం గొట్టం లోపల మెలి తిరిగిన గాడులు చెక్కుతారు. గాడులున్న తుపాకీయే రైఫిల్. చిక్కంతా ఇక్కడే. గాడులను పట్టుకోవాలంటే గుండు బిగుతుగా ఉండాలి. బిగుతుగా ఉంటే మూతి నుంచి దిగదు, సుత్తితో కొట్టి దింపాల్సిందే. యుద్ధంలో అంత తీరిక ఎవరికుంటుంది? 1849 ప్రాంతంలో మినియే అనే ఫ్రెంచి సైనికాధికారి దారి చూపాడు. గుండ్రటి గుండు బదులు మొన ఉన్న పొడుగు గుండు, దాని అడుగున గుంట. లోపలికి వదులుగా జారుతుంది. మందు పేలగానే ఆ ఒత్తిడికి అడుగుభాగం విచ్చుకుని గాడులను పట్టుకుంటుంది. అలా విచ్చుకోవాలంటే సీసం మెత్తగా, స్వచ్ఛంగా ఉండాలి. తగరమో, అంజనమో కలిసి గట్టిపడితే విచ్చుకోదు.

ఆంగ్లేయులు 1853లో తెచ్చిన ఎన్‌ఫీల్డ్ రైఫిల్ మస్కెట్ ఈ పద్ధతిదే. గొట్టం 0.577 అంగుళం, గుండు 0.568 అంగుళం. సందు పావు మిల్లీమీటరుకు కూడా తక్కువ. ఆ కొంచెం సందులోనే గుండుకు చుట్టిన కాగితం కూడా పట్టాలి. గుండు ఏ మాత్రం లావైనా మధ్యలో ఇరుక్కుంటుంది, సన్నమైతే గాడులను పట్టదు. ఇప్పుడు పాత తుపాకులు సరదాగా కాల్చే విదేశీయులు పోసిన గుండును కొలత ఉన్న ఉక్కు కంతలోంచి నెట్టి సరిచేసుకుంటారు. ఆనాడు ఇంగ్లండులోని వూల్‌విచ్ కర్మాగారంలో ఈ గుండ్లను యంత్రాలతో ఒత్తి ఒకే కొలతకు తెచ్చేవారు. పొయ్యి మీద గరిటెతో అయ్యే పని కాకుండా పోయింది.

మా అమ్మాయి ప్రశ్నకు జవాబు ఇదే. అంత ఇరుకు సందులో కాగితం చుట్టిన గుండు జారాలంటే జిడ్డు ఉండాలి. పైగా నల్లమందు కాలాక గొట్టంలో మసి పేరుకుంటుంది, దాన్ని మెత్తగా ఉంచడానికీ జిడ్డే కావాలి. మొదట్లో వాడింది పశువుల కొవ్వు, తేనెమైనం కలిపిన మిశ్రమం. తూటా కాగితాన్ని పళ్లతో కొరికి మందు పోయాలి. అక్కడే సిపాయిల నమ్మకం దెబ్బతింది. మీరట్‌లో తూటాలు ముట్టనని జైలుపాలైన 85 మంది గుర్రపు సిపాయిలకు ఇచ్చినవి కొత్త ఎన్‌ఫీల్డ్ తూటాలు కావు, పాత రకానివే. అంటే అప్పటికే నమ్మకం పూర్తిగా పోయిందన్నమాట. కొవ్వు ఒక్కటే కారణమని పరీక్షలో రాసే పిల్లలకు మేము ఈ మాట తప్పకుండా చెబుతున్నాం.

ఆ యుద్ధంలోనే మన ఎండలకు తూటాల మీది కొవ్వు కరిగి కారిపోయి, గుండ్లు గొట్టంలో ఇరుక్కోవడం మొదలైంది. 1859లో గుండును 0.550 అంగుళానికి తగ్గించారు, కొవ్వు తగ్గించి తేనెమైనం పెంచారు. 

తర్వాత చేసిన పని పాఠ్యపుస్తకాల్లో మాకు కనిపించలేదు. అదే ఎన్‌ఫీల్డ్ నమూనాలో భారతీయ సిపాయిల కోసం గాడులు లేని తుపాకీ చేయించారు. గొట్టాన్ని 0.656 అంగుళానికి తొలిచి నున్నగా చేశారు, దూరానికి తగ్గట్టు పైకీ కిందికీ జరిపే గురిపలక తీసేసి కదలనిది పెట్టారు. పైకి చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి. పక్కపక్కన నిలబడ్డ ఇద్దరిలో ఒకరి గుండు ఐదారు వందల గజాలు గురిగా పోతుంది, రెండోవారిది వంద గజాలకే దారి తప్పుతుంది. జీతమిచ్చి, యూనిఫాం తొడిగి, ప్రాణాలివ్వమని అడుగుతూనే గొట్టం లోపల అపనమ్మకాన్ని అలా చెక్కి ఇచ్చారు. ఈ సంగతి చదివిన రాత్రి మాకు నిద్ర పట్టలేదు.

1878లో ఆయుధాల చట్టం వచ్చింది. కొద్దిమందికి మినహాయింపు తప్ప, లైసెన్సు లేకుండా భారతీయులు తుపాకీ ఉంచుకోకూడదు. మరుసటి ఏడాదే, 1879 మార్చిలో, గోదావరి మన్యంలో రంప తిరుగుబాటు మొదలైంది. చెట్టు కల్లు మీద చిగురుపన్ను, మున్సబుదారు దౌర్జన్యం, వ్యాపారుల అప్పుల ఉచ్చు దానికి కారణాలు. నాటు తుపాకులతో, విల్లంబులతో లేచిన కొండవాళ్ల మీదికి వందలాది పోలీసులు కాక ఆరు మద్రాసు పదాతి రెజిమెంట్లను పంపాల్సి వచ్చింది. తమ్మన్నదొర, అంబుల్‌రెడ్డి, అడ్డతీగల స్టేషన్ తగలబెట్టిన చంద్రయ్య పేర్లు గుర్తుపెట్టుకోండి. అల్లూరి కంటే నలభై ఏళ్లు ముందువాళ్లు.

1922 నాటికి కాలం మారింది. ఆ ఫిబ్రవరిలో మన పల్నాడులోనే, మించాలపాడులో, పుల్లరి కట్టనన్న కన్నెగంటి హనుమంతు పోలీసు కాల్పుల్లో నేలకొరిగారు. ఆగస్టు 22, 23, 24 తేదీల్లో అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి స్టేషన్ల మీద పడి 26 తుపాకులు, 2,500కు పైగా తూటాలు తీసుకుంది. తుపాకులతో పాటు తూటాల లెక్క ఎందుకంత ముఖ్యమో ఇప్పుడు మీకు అర్థమవుతుంది. అప్పటికి పోలీసుల తుపాకులు వెనకవైపు నుంచి నింపే రకం. గుండు, మందు, నిప్పు పుట్టించే మూత అన్నీ కలిపి కర్మాగారంలో బిగించిన తూటా వాటికి కావాలి. గంటం దొర, మల్లు దొర ఎంత ధీరులైనా ఆ తూటాను గూడెంలో పొయ్యి మీద పోయలేరు. ఉన్నవి అయిపోతే మళ్లీ స్టేషన్ మీద పడాల్సిందే. అక్టోబరులో అడ్డతీగల, రంపచోడవరం స్టేషన్లకు వెళ్లేసరికి ప్రభుత్వం జాగ్రత్తపడింది, ఆయుధాలు చేతికి చిక్కలేదు. అయినా 1924 మే దాకా పోరాడారు. మనవాళ్లకు తుపాకీ చేతకాక ఓడారని ఎవరైనా అంటే, తూటా ఎవరి కర్మాగారంలో తయారైందో అడగండి.

దసరా సెలవుల తర్వాత ఆ యానాది అమ్మాయి తాత పోసిన రెండు వల గుళ్లు కాగితంలో చుట్టి తెచ్చింది. బడి ల్యాబు నుంచి వెర్నియర్ కాలిపర్స్ అడిగి తెచ్చి, పిల్లలందరి ముందూ కొలిచాం. రెంటికీ అర మిల్లీమీటరు తేడా వచ్చింది. ఎన్‌ఫీల్డ్ గుండైతే ఈ తేడాకి గొట్టంలోకే దిగదని చెబితే, ఆ అమ్మాయి గుళ్లు తీసుకుని జాగ్రత్తగా కాగితంలో చుట్టుకుంటూ, "వలకి అంత లెక్కెందుకు మేడమ్, మునిగితే చాలు" అంది.