ప్రాథమికోన్నత తరగతులలో కంప్యూటర్ విద్య: పూర్వాపరాలు

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆరవ తరగతి చదివే విద్యార్థికి కంప్యూటర్ అందుబాటులో ఉండడం, చాలాకాలం పాటు ఆ విద్యార్థి చేరిన పాఠశాల ఏ కోవకు చెందినదన్న దానిపై ఆధారపడి ఉన్నది. ఆరు, ఏడు తరగతులు రెండు చోట్ల నడిచేవి. ఒకటి నుంచి ఏడు వరకు గల ప్రాథమికోన్నత పాఠశాల ఒకటి, ఆరు నుంచి పది వరకు గల ఉన్నత పాఠశాల మరొకటి. పాఠ్యపుస్తకాలు ఒకటే. కంప్యూటర్లు మాత్రం ప్రధానంగా రెండవ దానికే చేరాయి.

దేశంలో పాఠశాల స్థాయి కంప్యూటర్ అక్షరాస్యతకు 1984–85లో 'క్లాస్' ప్రాజెక్టుతో శ్రీకారం చుట్టడం జరిగింది. బీబీసీ మైక్రో యంత్రాలను ఎంపిక చేసిన పాఠశాలలకు అందజేశారు. 2004 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వం ఐసీటీ ఎట్ స్కూల్స్ పథకాన్ని ప్రారంభించి, 2010లో సవరించింది. ఈ పథకం మాధ్యమిక స్థాయిని ఉద్దేశించినది. రాష్ట్రంలో 2008లో 5,000 ఉన్నత పాఠశాలలలో కంప్యూటర్ ల్యాబుల ఏర్పాటును చేపట్టినప్పుడు 'బూట్' విధానాన్ని అనుసరించారు. అనగా ప్రైవేటు సంస్థ ల్యాబు నిర్మించి, బోధకులను నియమించి, ఐదేళ్లు నడిపి, అనంతరం పాఠశాలకు అప్పగిస్తుంది. గడువు ముగిసిన పిమ్మట యంత్రాలు పాఠశాలలో మిగిలాయి, బోధకులు మిగలలేదు.

ప్రాథమికోన్నత స్థాయికి వేరొక మార్గం ఉండేది. సర్వశిక్షా అభియాన్ నవకల్పన నిధుల నుంచి కంప్యూటర్ ఆధారిత అభ్యసనానికి జిల్లాకు ఏటా రూ.50 లక్షల వరకు వెచ్చించే వీలు కల్పించారు. అజీం ప్రేమ్‌జీ ఫౌండేషన్ రూపొందించిన తెలుగు సీడీ పాఠాలు ఆ కాలంలో పాఠశాలలకు చేరాయి. అయితే ఇక్కడ ఒక భేదాన్ని గుర్తించవలసి ఉన్నది. కంప్యూటర్ సాయంతో గణితం బోధించడం వేరు, కంప్యూటర్‌నే బోధించడం వేరు. నివేదికలలో ఈ రెండూ తరచు 'కంప్యూటర్ విద్య' అనే ఒకే శీర్షిక కింద కనిపిస్తాయి. భిన్నాల పాఠాన్ని తెరపై చూసిన విద్యార్థికి భిన్నాలు వచ్చి ఉండవచ్చును. ఫైలు భద్రపరచడం వచ్చిందని దాని అర్థం కాదు.

విద్యాహక్కు చట్టం, 2009 ప్రాథమిక విద్యను ఎనిమిదవ తరగతి వరకు నిర్వచించింది. 2018లో అమలులోకి వచ్చిన సమగ్ర శిక్ష పథకం ఐసీటీ విభాగాన్ని 6 నుంచి 12 తరగతులకు వర్తింపజేయడంతో పాత హద్దు కనీసం నిబంధనలలో తొలగిపోయింది. ల్యాబుకు ఒకేసారి ఇచ్చే వ్యయం కింద పాఠశాలకు రూ.6.40 లక్షల వరకు, నిర్వహణకు ఏటా రూ.2.40 లక్షల వరకు ఐదేళ్లపాటు మంజూరుకు వీలున్నది. జాతీయ విద్యా విధానం–2020 మధ్య దశలో, అనగా 6–8 తరగతులలో, కోడింగ్ కృత్యాలను ప్రవేశపెట్టాలని పేర్కొన్నది.

ఆంధ్రప్రదేశ్‌లో 2022 డిసెంబరు 21న ఎనిమిదవ తరగతికి ట్యాబుల పంపిణీ ప్రారంభమైనది. సుమారు 4.6 లక్షల మంది విద్యార్థులకు, 59 వేల మంది ఉపాధ్యాయులకు బైజూస్ పాఠ్యాంశాలతో కూడిన ట్యాబులు అందజేశారు. పంపిణీ పరిమాణంలో ఇది పెద్ద కార్యక్రమమే. కాని ట్యాబు ప్రధానంగా పాఠం చూసే పరికరం. కీబోర్డుపై టైపు చేయడం, పట్టికలో లెక్కలు వేయడం, ఒక చిన్న ప్రోగ్రాము రాసి తప్పు ఎక్కడున్నదో వెతకడం వంటి పనులకు ల్యాబు అవసరం అలాగే మిగిలి ఉన్నది. యూడైస్ ప్లస్ 2023–24 ప్రకారం దేశంలో పనిచేసే కంప్యూటర్లు గల పాఠశాలలు 57 శాతం మాత్రమే.

తెలుగు మాధ్యమ విద్యార్థికి కీబోర్డు వద్ద ఒక అనుకూలత ఉన్నది. దీనిని ఇంతవరకు తగినంతగా వినియోగించుకోలేదు. భారతీయ ప్రమాణాల సంస్థ 1991లో ఆమోదించిన ఇన్‌స్క్రిప్ట్ అమరికలో అచ్చులు, గుణింతపు గుర్తులు ఎడమ చేతి వైపు, హల్లులు ప్రధానంగా కుడి చేతి వైపు ఉంటాయి. 'క్ష' రాయడానికి క, పొల్లు, ష వరుసగా నొక్కాలి. రెండవ తరగతిలో వల్లెవేసిన వత్తు వేరొక అక్షరం కాదని, పొల్లు తరువాత వచ్చిన హల్లేనని విద్యార్థికి వేళ్ల కింద తెలుస్తుంది. ఒకే అమరిక ఇతర భారతీయ లిపులకూ వర్తించడం వలన హిందీ టైపు చేయడం దాదాపు అదనపు శ్రమ లేకుండా వస్తుంది. కోడింగ్ విషయానికి వస్తే, ఎంఐటీ 2007లో విడుదల చేసిన స్క్రాచ్ 8–16 ఏళ్ల వారికి ఉద్దేశించినది, ఉచితం. ఒకసారి స్థాపించిన తరువాత ఇంటర్నెట్ లేకుండానే పనిచేస్తుంది. పాత యంత్రాలు, అరకొర ఇంటర్నెట్ ఉన్న గ్రామీణ పాఠశాలకు ఈ చివరి లక్షణమే ముఖ్యం.

మూడవ తరగతి నుంచే కృత్రిమ మేధ, గణనాత్మక ఆలోచన అంశాలను 2026–27 విద్యా సంవత్సరంలో ప్రవేశపెట్టనున్నట్లు కేంద్ర విద్యా శాఖ 2025 అక్టోబరులో ప్రకటించింది. బోధించేది ఎవరన్న ప్రశ్న దీనితో మరింత ముందుకు వచ్చింది. విద్యాహక్కు చట్టం షెడ్యూలు 6–8 తరగతులకు సైన్సు–గణితం, సాంఘిక శాస్త్రం, భాషలకు ఉపాధ్యాయులను నిర్దేశిస్తున్నది. వంద మందికి మించి విద్యార్థులున్న చోట చిత్రకళ, ఆరోగ్య–వ్యాయామ విద్య, పని విద్యలకు పార్ట్‌టైమ్ బోధకులను కూడా పేర్కొన్నది. ఆ జాబితాలో కంప్యూటర్ ప్రస్తావన లేదు. ఆచరణలో ఈ బాధ్యత గణిత లేదా సైన్సు ఉపాధ్యాయునిపై అదనంగా పడుతుంది, పరీక్షల కాలం రాగానే ఆ పీరియడే మొదట రద్దవుతుంది. ల్యాబు మంజూరైన పాఠశాలల సంఖ్యతో పాటు కాలనిర్ణయ పట్టికలో వారానికి ఎన్ని పీరియడ్లు కేటాయించారు, వాటిలో ఎన్ని జరిగాయి, ఒక్కొక్క యంత్రం ముందు ఎందరు కూర్చున్నారు అన్న వివరాలను తనిఖీ అధికారులు నమోదు చేసినట్లయితే, పాత్రికేయులు అడిగే ప్రశ్నలకు సూటిగా సమాధానం ఇవ్వగలిగే వీలుంటుంది.