వాలెంటైను లేఖల చరిత్రము

ఫిబ్రవరి నెల 14వ తేదీ సమీపించుసరికి మన పట్టణములలోని అంగళ్లయందు ఎఱ్ఱని హృదయాకారములు గల కార్డులు కానవచ్చును. యువజనులలో కొందఱు వానిని కొని సంతసింతురు. పెద్దలలో కొందఱు అది పరదేశపు వెఱ్ఱియని నిందింతురు. కొనువారుగాని నిందించువారుగాని ఆ కాగితపు ముక్క యెట్లు పుట్టినదో, ఎవరి చేతులమీదుగా పెరిగినదో విచారించుట అరుదు. మేము ఆ పూర్వవృత్తాంతమును పరిశీలింపగా, అది యొక విలాసవస్తువు చరిత్రము మాత్రమే కాదనియు, స్త్రీ తన మనసులోని మాటను తానే చెప్పుకొనుటకును, తన చేతిపనిచే తానే ధనమార్జించుటకును చేసిన ప్రయత్నము అందు ఇమిడియున్నదనియు మాకు తోచినది. కావున దానిని సంగ్రహముగా చదువరుల యెదుట నుంచుచున్నాము.

వాలెంటైను అను పేరుగల క్రైస్తవ హతసాక్షులు ఒకరికంటె నెక్కువమంది యుండిరని పూర్వగ్రంథములు చెప్పుచున్నవి. వారి జీవితములకును ప్రణయమునకును సంబంధమున్నట్లు నమ్మదగిన ఆధారము లేదు. 14వ శతాబ్దము చివరి భాగమున ఇంగ్లీషు కవియగు చాసరు పక్షుల సభను గూర్చిన తన కావ్యమున, ఆ పండుగనాడు పక్షులు తమ జోడును ఎన్నుకొనునట్లు వర్ణించెను. ఆ దినమునకును ప్రేమకును గల పొత్తును స్పష్టముగా తెలుపు తొలి సాక్ష్యములలో అది యొకటి. కవి కల్పించినది కొంతకాలమునకు లోకాచారమైనది.

ఆ యాచారము గృహములలో ప్రవేశించిన తరువాతి కథ మనకు మిక్కిలి ముఖ్యమైనది. ఇంగ్లండులోని నార్ఫోకు సీమలో మార్జరీ బ్రూసు అను కన్య 1477వ సంవత్సరము ఫిబ్రవరి నెలలో జాన్ పాస్టను అను యువకునకు ఒక లేఖ పంపెను. అందామె అతనిని తన వాలెంటైను అని సంబోధించినది. ఇంగ్లీషు భాషలో మనకు దక్కిన వాలెంటైను లేఖలలో అదియే మొదటిదని పండితుల మతము. ఆమె చెప్పుచుండగా లేఖకుడు వ్రాసిన ఆ పత్రము నేటికిని బ్రిటిషు లైబ్రరీలో భద్రముగా నున్నది.

ప్రేమలేఖ యనగానే పువ్వులును వెన్నెలయు నుండునని మనము తలంతుము. ఈ లేఖలో నున్నది కట్నపు బేరము! వరుని పక్షమువారికి బ్రూసు ఈయదలచిన ధనము చాలలేదు. ఆయన అంతకు మించి ఇచ్చుటకు సమ్మతింపలేదు. తల్లి తండ్రిని ఎంత వేడుకొన్నను ఫలము లేకపోయినదనియు, నిజముగా ప్రేమించువాడవైతే ఈ కారణమున నన్ను విడువవనియు, నీ ఆస్తి ఇప్పటిదానిలో సగమైనను లేకున్నను నేను నిన్ను విడువననియు ఆ కన్య తెలియజేసెను. ఆ సంవత్సరమే వారిరువురకు వివాహము జరిగెను.

ఈ వృత్తాంతము చదువునప్పుడు ఐదువందల యేండ్ల క్రిందటి పరదేశపు ముచ్చటయని మాకు తోపలేదు. మన దేశమున 1961లో కట్నమును నిషేధించు శాసనము వచ్చినను, ఆ బేరము ఇంకను మన యిండ్లను వదలిపోలేదు. ఇక కన్య తన మనసును లేఖమూలమున తెలుపుట మన సంప్రదాయమునకు విరుద్ధమందురా? కాళిదాసుని శకుంతల తామరాకుపై గోటితో తన హృదయమును లిఖించెను. పోతన భాగవతమున రుక్మిణి అగ్నిద్యోతనుడను బ్రాహ్మణునిచే శ్రీకృష్ణునకు సందేశ మంపెను. ఈ కథలను భక్తితో చదివి, చదివించు మనము, మన యింటి కన్య నోరు విప్పినంతనే విస్తుపోవుట న్యాయమా?

ఇక చేతిపని విషయమునకు వత్తము. 18వ శతాబ్దమున ఇంగ్లండునందును అమెరికాయందును వాలెంటైను లేఖలను పంపువారు తామే తయారుచేసికొనుచుండిరి. దళసరి కాగితమును మడచి, కత్తెరతో జాలరు కత్తిరించి, సూదితో సన్నని రంధ్రములు పొడిచి, పూవులను పావురములను నీటిరంగులతో చిత్రించెడివారు. కొన్ని లేఖలు మడతకు మడత విప్పినగాని అర్థముగాని చిక్కుముడులవలె నుండెడివి. లండనులో విలియము రీవ్సు, థామసు రీవ్సు అను సోదరులు నీటిరంగులను గట్టి బిళ్లలుగా చేసి అమ్మజొచ్చిరి. 1781లో అచ్చటి కళాసంఘము వారికి బహుమానమొసగెను. అంతకుముందు రంగును నూరుకొని, జిగురు కలుపుకొనుట యొక పెద్ద పని. బిళ్లలు వచ్చిన పిమ్మట తడి కుంచె తగిలించిన చాలును. చదువుకొన్న కుటుంబముల బాలికలకు చిత్రలేఖనము అందుబాటులోనికి వచ్చెను.

1797లో లండను ముద్రాపకుడు ఫెయిర్‌బర్ను ప్రకటించిన కార్డు ఒకటి యార్కు నగరమునందలి ప్రదర్శనశాలలో నున్నది. దాని రేఖలు అచ్చువేసినవి. రంగులు చేతితో వేసినవి. అంచులలో జాలరును పోలు రంధ్రములున్నవి. దానిని పంపినదియు నొక స్త్రీయే. పలుమారు పిలిచినను రాని మిత్రుని ఆమె అందు చేవ్రాతతో నిష్ఠురమాడినది. ఆ యేడే యువకులు చూచి వ్రాసికొనుటకై తయారు పద్యముల పుస్తకమొకటి ఇంగ్లండున వెలువడెను. అనగా కుంచె పట్టగలిగియు మాట కూర్చుకొనలేనివారు అప్పుడును కలరన్నమాట.

ఈ యలవాటు సామాన్యజనులలో వ్యాపించుటకు తపాలా సంస్కరణము తోడ్పడెను. పూర్వము ఇంగ్లండులో తపాలా సుంకమును సాధారణముగా లేఖ అందుకొనువారే చెల్లించెడివారు. దూరమును, కాగితముల సంఖ్యను బట్టి సుంకము పెరుగుచుండెను. పైసంచిని సైతము రెండవ కాగితముగా లెక్కించెడివారు. రోలండు హిల్లు ప్రయత్నమున 1840లో దేశమందెచ్చటికైనను అర ఔన్సు బరువునకు ఒక్క పెన్నీ సుంకము ఏర్పడెను. అప్పటినుండి పనికత్తెయు పాఠశాల బాలుడును లేఖలు పంపగలిగిరి. పేరు లేకుండ పంపు సౌకర్యమును దుర్వినియోగము చేసి, అవిటివారిని, పెండ్లికాని స్త్రీలను ఎగతాళి చేయు కార్డులు పంపినవారును కలరు. సాధనము మంచిదైనంతమాత్రమున మనసు మంచిది కాదు.

ఈ చరిత్రమున మాకు మిక్కిలి గౌరవపాత్రముగా కనుపించు వ్యక్తి ఎస్తరు హౌలెండు. ఆమె 1828లో అమెరికాలోని మసాచుసెట్సు రాష్ట్రమున వూస్టరు పట్టణమునందు జన్మించెను. తండ్రి పుస్తకములును కాగితములును అమ్ము వర్తకుడు. 1847లో ఆమె మౌంటు హోలియోకు స్త్రీ విద్యాలయమున చదువు ముగించుకొని యింటికి వచ్చెను. ఆ కాలముననే ఇంగ్లండునుండి వచ్చిన జాలరు కాగితపు కార్డు ఒకటి ఆమె చేత పడినది. ఇట్టిది నేనేల చేయరాదని యామె తలచి, కాగితములును రంగు బొమ్మలును తెప్పించి, కొన్ని మాదిరులు తయారుచేసెను. సోదరుడు వర్తకమునకై వెళ్లుచు వానిని వెంట కొనిపోయెను. ఆమె ఆశించినది 200 డాలర్ల బేరము. అతడు తెచ్చినది 5,000 డాలర్లకు మించిన బేరము!

ఒంటిచేత అంత పని సాగదు గనుక ఆమె తన స్నేహితురాండ్రను పిలిచి, ఇంటి మేడగదిలో పొడవైన బల్ల చుట్టును కూర్చుండబెట్టెను. ఒకరు బొమ్మలు కత్తిరింతురు, ఒకరు మాదిరి చూచి అమర్తురు, ఒకరు అతికింతురు. కార్డు చేతులు మారుచు బల్ల చివరకు వచ్చుసరికి సిద్ధమగును. జాలరు క్రింద రంగు కాగితపు బిళ్లనుంచి మెరుగు తెచ్చుట, పొరపై పొర నెత్తుగా నిలుపుట ఆమె నేర్పు. కార్డు వెనుక ఎఱ్ఱ సిరాతో హెచ్ అను చిన్న ముద్ర వేసెడిది. గడప దాటలేని స్త్రీలకు సామగ్రిని పెట్టెలలో ఇంటికే పంపి, వారము తరువాత పూర్తియైన కార్డులను తెప్పించుకొనెడిది. కూలి ఉదారముగా నిచ్చెడిదని చెప్పుదురు. 1879లో ఆమె పద్యముల పుస్తకమును ప్రకటించెను. కార్డులోని పద్యము నచ్చనివారు వేఱొకదానిని ఎన్నుకొని దానిపై అతికించుకొనవచ్చును!

ఆమె అవివాహితగానే యుండెను. 1881 ప్రాంతమున తన వ్యాపారమును జార్జి విట్నీ అను వర్తకునకు విక్రయించి, వృద్ధుడైన తండ్రి సేవకు పూనుకొనెను, 1904లో మరణించెను. విట్నీ యంత్రములను హెచ్చించి కార్డులను చౌకగా చేసెను. రెండవ ప్రపంచయుద్ధకాలమున కాగితపు కొఱతచే 1942లో ఆ సంస్థ మూతపడెను. చౌకదనము మంచిదే, పేదవానికిని కార్డు దొరకెను. అయితే మేడగది బల్ల చుట్టు కూర్చున్న స్త్రీల జీవనము ఆ చౌకలో కలిసిపోయినదని మనము మఱువరాదు.

నేడు పలుదేశములలో చేతికార్డు మరల ఆదరింపబడుచున్నది. ఇప్పటి పద్ధతి సులభమైనది. రబ్బరు ముద్రను నీటికి కరగని సిరాలో అద్ది దళసరి కాగితముపై ఒత్తుదురు; సిరా ఆరిన పిదప లేతరంగు మొదలుకొని ముదురు రంగు వఱకు కుంచెతో నింపుదురు. ఆరకముందే తొందరపడిన రేఖ చెదరును. నీరు మించిన కాగితము ముడుతపడును. మచిలీపట్నము చెంత పెడనలో కొయ్యఅచ్చులతో వస్త్రములపై అద్దకము చేయువారిని చూచినవారికి ఇందలి మర్మము క్రొత్తది కాదు. అచ్చు ఒక్కటియే యైనను, ఒత్తు చేతిని బట్టి ప్రతి ముద్రయు వేఱుగా నుండును.

ఈ పండుగను జరుపుకొనుడని గాని మానుడని గాని మేము చెప్పబోము. అయితే మన బాలబాలికలు బంధుమిత్రులకు ఏదేని శుభదినమున కార్డు పంపదలచినచో, వారి చేతికి కాగితమును కుంచెను ఇండు. మాటలను వారినే కూర్చుకొననిండు. అంతకంటె ముఖ్యమైన మాట యొకటి కలదు. మార్జరీ బ్రూసు తన మనసును తెలుపుటకు లేఖకుని ఆశ్రయింపవలసివచ్చినది. మన యిండ్లలో అట్టి యవసరము కలుగకుండ, సంబంధము విచారించునాడే తల్లిదండ్రులు కుమార్తెను చెంత కూర్చుండబెట్టుకొని ఆమె యభిప్రాయము నడుగుదురుగాక. ఆ ప్రశ్న వేసిన యింట కట్నపు బేరమునకు చోటు తగ్గునని మా నమ్మకము.