రిఫరల్ చీటీలో లేని గంట

గోదావరి జిల్లాల్లో గుండెజబ్బు అసలు లెక్క ఆసుపత్రిలో తేలలేదు, చనిపోయినవాళ్ల ఇళ్ల అరుగుల మీద తేలింది. 2003-04లో జార్జ్ ఇన్‌స్టిట్యూట్, బైర్రాజు ఫౌండేషన్ తదితర సంస్థలు కలిసి ఉభయ గోదావరి జిల్లాల్లోని 45 ఊళ్లలో, సుమారు 1,80,000 జనాభాలో, మరణాలన్నీ నమోదు చేయించాయి. ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ వెళ్లి లక్షణాలను అడిగి రాసుకొస్తే, డాక్టర్లు ఆ కాగితాలు చదివి కారణం నిర్ణయించారు. ఏడాదిలో 1,354 మరణాలు నమోదైతే, అందులో 32 శాతం గుండె, రక్తనాళాల జబ్బులవే. అంటువ్యాధుల వాటా 12 శాతమే. పల్లెటూళ్లలో జనం జ్వరాలతో, విరేచనాలతోనే పోతారనే నమ్మకాన్ని ఈ లెక్క తలకిందులు చేసింది. జనన మరణాల రిజిస్ట్రేషన్ చట్టం 1969 నుంచీ ఉన్నా, ఇంట్లో పోయినవాళ్ల విషయంలో డాక్టరు చెప్పిన కారణం రికార్డుకెక్కడం అరుదు కాబట్టి, ఈ పని విలువ ఎంత చెప్పినా తక్కువే. కానీ అది మరణం తర్వాతి విచారణ. మనిషి ఎందుకు పోయాడో తేల్చింది గానీ, ఏ దారిలో ఎంతసేపు ఆగిపోయాడో పట్టుకోలేకపోయింది.

దారి లెక్క 108 అంబులెన్సుతో మొదలైంది. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో ఈ సేవను ప్రారంభించిన ఈఎంఆర్‌ఐ వెనకా, బైర్రాజు ఫౌండేషన్ వెనకా ఉన్నది ఒకే కుటుంబం, సత్యం కంప్యూటర్స్ కంపెనీ రాజుది. 2009లో ఆ కంపెనీ లెక్కల మోసం బయటపడినా జనానికి నంబరు మాత్రం మిగిలింది, అదొక విచిత్రం. ఫోను ఎప్పుడొచ్చింది, బండి ఎప్పుడు కదిలింది, రోగి దగ్గరికి ఎప్పుడు చేరింది, ఆసుపత్రిలో ఎప్పుడు అప్పగించారు అన్నవి 108 రికార్డులో ఉంటాయి. నాడి, బీపీ ఎంతున్నాయో బండిలోని ఈఎంటీ (అత్యవసర సహాయకుడు) రాస్తాడు. 2007లో ప్రభుత్వ ఆరోగ్య పథకం ఆరోగ్యశ్రీ వచ్చాక మరో రికార్డు తెరుచుకుంది. స్టెంటు వేసిన తేదీ, అనుమతి, బిల్లు అందులో ఉంటాయి. అది డబ్బు చెల్లించడానికి పుట్టిన లెక్క, నిమిషాలతో దానికి పనిలేదు.

ఈ రెండు లెక్కల మధ్య ఉన్న ఖాళీ మీదే నా అభ్యంతరం. గోదావరి డెల్టాలో గుండెపోటు రోగి ప్రయాణం ఒక్క బండితో తీరేది కాదు. రాజోలు వైపు మనిషికి ఛాతీలో పట్టేసినట్టుంటే ముందు గ్యాస్ అనుకుంటారు, తర్వాత ఆర్‌ఎంపీని పిలుస్తారు, ఆటోలోనో కారులోనో దగ్గర్లోని నర్సింగ్ హోంకి వెళ్తారు. అక్కడ ఈసీజీ తీసి, ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ బిళ్లలు వేసి, కాకినాడో రాజమండ్రో భీమవరమో తీసుకుపొమ్మంటారు. వాళ్లిచ్చే చీటీ మీద పేరు, వయసు, బీపీ, వేసిన మందులు, తేదీ మామూలుగా ఉంటాయి. రోగి ఎన్నింటికి వచ్చాడు, ఎన్నింటికి బయల్దేరాడు అన్నవి ఉంటే ఉన్నాయి, లేకపోతే లేవు. రోగిని మొదటి ఆసుపత్రిలో దించితే 108 లెక్క ముగుస్తుంది. ఆరోగ్యశ్రీ లెక్క చివరి ఆసుపత్రిలో మొదలవుతుంది. స్టెంటు కోసం పంపాల్సిన రోగిని మొదటి ఆసుపత్రి ముప్పై నిమిషాల్లో పంపించాలని అమెరికా మార్గదర్శకాలు అంటాయి. ఆ ముప్పై నిమిషాలు ఇక్కడ ఎవరి పుస్తకంలోనూ లేవు.

ఆలస్యమంతా ఇంట్లోనే జరుగుతుంటే ఆసుపత్రుల మీద పడటమెందుకని అడగవచ్చు. 2008లో లాన్సెట్ పత్రికలో వచ్చిన గుండెపోటు రోగుల క్రియేట్ రిజిస్ట్రీలో, దేశవ్యాప్తంగా 20,937 మంది రోగుల సమాచారం ఉంది. నొప్పి మొదలైనప్పటి నుంచి ఆసుపత్రికి చేరడానికి మధ్యస్థంగా 360 నిమిషాలు, చేరాక గడ్డ కరిగించే మందు పడటానికి 50 నిమిషాలు పట్టాయి. చూడగానే తప్పంతా ఇంటివాళ్లదే అనిపిస్తుంది. అయితే బదిలీ మీద వచ్చిన రోగి మొదటి ఆసుపత్రిలో గడిపిన సమయం కూడా ఆ 360లో కలిసిపోయే వీలుంది. విడిగా రాయకపోతే నర్సింగ్ హోం గంట కూడా ఇంటివాళ్ల ఖాతాలోనే పడుతుంది.

ఇంతకన్నా గట్టి అభ్యంతరం మన జిల్లాలోనే పుట్టింది. స్మార్ట్‌హెల్త్ ప్రయోగంలో పశ్చిమ గోదావరి ఆశా కార్యకర్తలకు టాబ్లెట్లు ఇచ్చి 54 ఊళ్లలో గుండెజబ్బు ముప్పున్నవాళ్లను గుర్తించి నమోదు చేయించారు. తీరా 2019లో ఫలితాలొచ్చేసరికి, ఈ ప్రయోగం వల్ల బీపీ అదుపులో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఒప్పుకోవలసిందే, రాసినంత మాత్రాన రోగం తగ్గదు. కానీ తమిళనాడు స్టెమీ (తీవ్రమైన గుండెపోటు) ప్రాజెక్టులో చిన్న ఆసుపత్రులను స్టెంటు వేసే ఆసుపత్రితో జతచేసి, ఈసీజీని ముందే పంపి, బదిలీ సమయాలను నమోదు చేశారు. ఏడాదిలోపు మరణాలు 17.6 శాతం నుంచి 14.2 శాతానికి తగ్గాయి. అక్కడ నమోదు చికిత్స దారిలో భాగమైంది, ఇక్కడ పక్కన ఉండిపోయింది. ఇంగ్లండ్, వేల్స్‌లలో 2000 నుంచి నడుస్తున్న మైనాప్ గుండెపోటు రిజిస్ట్రీ కూడా రోగి పిలుపు నుంచి చికిత్స దాకా గడియలు లెక్కపెడుతుంది. రోగి ప్రాణం పోతుంటే కాగితాలేమిటని విసుక్కునే డ్యూటీ నర్సుకు ఒకటే జవాబు: ఈసీజీ కాగితం మీద యంత్రమే సమయం అచ్చువేస్తుంది, దాని గడియారం సరిగ్గా పెట్టి ఉంటే సగం పని అయినట్టే.

2023లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్)తో కలిసి మొదలుపెట్టిన స్టెమీ పథకం ఈ లోటును కొంత పూడ్చగలదు. చిన్న ప్రభుత్వాసుపత్రిలో తీసిన ఈసీజీని పెద్దాసుపత్రి గుండె డాక్టరు చూసి చెబితే, గడ్డ కరిగించే టెనెక్టెప్లేజ్ ఇంజెక్షన్ అక్కడికక్కడే ఉచితంగా ఇస్తారు. కానీ ప్రైవేటు నర్సింగ్ హోం దాని పరిధిలోకి రాకపోతే రాజోలు రోగి కథ మారదు. దీనికి తోడు 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాయి. ఇప్పుడు రాజోలు కోనసీమది, కాకినాడ, రాజమండ్రి, భీమవరం తలో జిల్లాకి కేంద్రం. జిల్లాలవారీ నివేదికలు వేసుకుంటే ఒకే రోగి రెండు చోట్ల రెండు ముక్కలుగా కనిపిస్తాడు. కాబట్టి నమోదు సంఖ్య జిల్లాది కాకుండా రోగిది కావాలి. అది మొదటి ఈసీజీ దగ్గరే పుట్టి, చీటీతో పాటు బండి ఎక్కాలి.