వారంలో ముఖం తెల్లబడిందా? అయితే ఆ ట్యూబ్ వెనక్కి తిప్పి చూడండి.. దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ యూత్ తెలుసుకోవాల్సిన స్కిన్‌కేర్ లెక్క

దిల్‌సుఖ్‌నగర్ అంటేనే కోచింగ్ సెంటర్లు, హాస్టళ్లు. జిల్లాల నుంచి గ్రూప్స్ కోసం, బ్యాంక్ పరీక్షల కోసం, సాఫ్ట్‌వేర్ కోర్సుల కోసం వచ్చినవాళ్లు ఒక్కో రూమ్‌లో ముగ్గురు నలుగురు ఉంటారు. నిద్ర తక్కువ, ఎండలో తిరుగుడు ఎక్కువ. కొన్ని నెలలకే ముఖం మీద మొటిమలు, మచ్చలు. అప్పుడు చాలామంది చేసేది ఒకటే. రూమ్‌మేట్ ట్యూబ్ అడిగి రాసుకుంటారు. లేదంటే మెడికల్ షాపుకెళ్లి "అన్నా, ముఖానికి ఏదైనా మంచి క్రీమ్ ఇవ్వు" అంటారు.

అసలు చిక్కు ఇక్కడే మొదలవుతుంది. చర్మం పైపొర పూర్తిగా మారడానికే సుమారు 4 వారాలు పడుతుంది. అలాంటిది 5 రోజుల్లో ముఖం తెల్లగా, నున్నగా మెరిస్తే ఆ క్రీమ్‌లో స్టెరాయిడ్ ఉందేమోనని అనుమానించాల్సిందే. స్టెరాయిడ్ రక్తనాళాలను కుదిస్తుంది, వాపు, ఎరుపు తగ్గిస్తుంది, రంగును కాస్త పలచన చేస్తుంది. అందుకే మొదట్లో సూపర్‌గా అనిపిస్తుంది. నెలల తరబడి రాస్తే చర్మం పలచబడి రక్తనాళాలు బయటికి కనిపిస్తాయి. బుగ్గల మీద వెంట్రుకలు పెరుగుతాయి, మొటిమలు గుంపుగా వస్తాయి. ఆపేద్దామంటే ముఖం ఎర్రబడి భగ్గుమని మండుతుంది. తట్టుకోలేక మళ్లీ అదే ట్యూబ్ పట్టుకుంటారు. స్కిన్ డాక్టర్లు దీనికి 'టాపికల్ స్టెరాయిడ్ డ్యామేజ్డ్ ఫేస్' అని పేరే పెట్టారు.

2018 మార్చిలో కేంద్ర ఆరోగ్య శాఖ ఒంటికి రాసే 14 రకాల స్టెరాయిడ్లను షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది. అంటే చీటీ లేకుండా అమ్మకూడదు. కానీ రూల్ పుస్తకంలో ఉంటే సరిపోదు కదా, కొనేవాళ్లు కూడా చూసుకోవాలి.

ట్యూబ్ మీద ఏం చూడాలి?

బ్రాండ్ పేరు పక్కన పెట్టి, కింద చిన్న అక్షరాల్లో ఉన్న మందు పేరు చదవండి. బీటామెథాసోన్, మొమెటాసోన్, క్లోబెటసోల్, ఫ్లూసినోలోన్.. ఇవన్నీ స్టెరాయిడ్లే. చివర్లో 'సోన్', 'సోల్', 'లోన్' కనిపిస్తే ఆగండి. అయితే క్లోట్రిమజోల్, కీటోకొనజోల్ లాంటి 'జోల్' పేర్లు వేరు, అవి తామర లాంటి ఫంగస్‌కు వాడే మందులు. రెండూ కలిపిన ట్యూబులు కూడా ఉంటాయి. తామరకు అవి రాస్తే దురద ఆగుతుంది కానీ తామర మాత్రం లోపల్లోపల పాకుతుంది.

ఇంకోటి, అడ్రస్ లేని ఫెయిర్‌నెస్ డబ్బాలు. తయారీదారు పేరు, లైసెన్స్ నంబర్ లేని క్రీముల్లో పాదరసం ఉండొచ్చు. 2023లో కేరళలోని మలప్పురం జిల్లాలో ఇలాంటి క్రీములు వాడినవాళ్లలో కిడ్నీ జబ్బులు బయటపడ్డాయి. ముఖానికి రాసింది కిడ్నీ దాకా వెళ్లిందంటే ఆలోచించుకోండి.

మరి ఏ సమస్యకు ఏది?

జిడ్డు, బ్లాక్‌హెడ్స్ ఉంటే 2 శాతం సాలిసిలిక్ యాసిడ్ ఫేస్‌వాష్‌తో మొదలుపెట్టొచ్చు. ఎర్రటి, చీము మొటిమలకు బెంజాయిల్ పెరాక్సైడ్ 2.5 శాతం చాలు. ఎక్కువ శాతం తీసుకుంటే మంట ఎక్కువ, లాభం పెద్దగా పెరగదు. అన్నట్టు ఇది టవల్, దిండు గలీబు రంగు పోగొడుతుంది. హాస్టల్లో పక్కవాళ్ల టవల్ వాడేవాళ్లు జాగ్రత్త! అడాపలీన్ రాత్రిపూట ముఖమంతా పలచగా రాయాలి, ఒక్కో మొటిమ మీద చుక్క పెట్టడం కాదు. ఫలితానికి 8 నుంచి 12 వారాలు ఆగాలి. మొదట్లో ముఖం కాస్త పొడిబారుతుంది, పొట్టు లేస్తుంది. భయపడి 10 రోజులకే మానేసేవాళ్లే ఎక్కువ. గర్భిణులు, పిల్లల కోసం ప్లాన్ చేస్తున్నవాళ్లు దీన్ని వాడొద్దు.

నుదుటి మీద ఒకే సైజులో సన్నటి పొక్కులు, దురద కూడా ఉంటే అవి మామూలు మొటిమలు కాకపోవచ్చు, ఫంగస్ వల్ల కావచ్చు. తలకు నూనె దట్టంగా పట్టించి పడుకునే అలవాటు ఉంటే ముందు అది తగ్గించి చూడండి.

మొటిమ తగ్గాక మిగిలే నల్ల మచ్చలకు నయాసినమైడ్ 4-5 శాతం, అజెలాయిక్ యాసిడ్ పనికొస్తాయి. నెలలు పడుతుంది. నిమ్మరసం, టూత్‌పేస్ట్, వంటసోడా ప్రయోగాలు మాత్రం వద్దు. మన చర్మం రంగుకు చిన్న మంట కూడా కొత్త మచ్చ మిగులుస్తుంది.

బుగ్గల మీద మంగు మచ్చలైతే కథ వేరే. హార్మోన్లు, ఎండ రెండూ కారణమే. ఎండ మాత్రమే కాదు, మామూలు వెలుతురుకు కూడా మంగు పెరుగుతుంది. అందుకే ఐరన్ ఆక్సైడ్ ఉన్న టింటెడ్ సన్‌స్క్రీన్ మంచిది. ఎస్‌పీఎఫ్ 30కి తగ్గకూడదు. ముఖం, మెడకు కలిపి రెండు వేళ్ల పొడవున తీసుకోవాలి. శనగగింజంత రాస్తే లాభం లేదు. ఎల్బీనగర్ చౌరస్తాలో మధ్యాహ్నం బైక్ మీద సిగ్నల్ దగ్గర నిలబడేవాళ్లు రెండు మూడు గంటలకోసారి మళ్లీ రాయాలి.

పీల్, లేజర్, గ్లూటాథయోన్ ఇంజెక్షన్ల మాటేంటి?

పీల్, లేజర్ మంచివే, చేసే చెయ్యి సరైనదైతే. బోర్డు మీద 'కాస్మటాలజిస్ట్' అని ఉంటే సరిపోదు. ఎంబీబీఎస్ తర్వాత డెర్మటాలజీలో ఎండీ, డీఎన్‌బీ లేదా డిప్లొమా ఉందా, మెడికల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబర్ ఉందా అని అడగండి. అడిగితే తప్పేం లేదు. తెల్లబడటానికి నరంలోకి ఎక్కించే గ్లూటాథయోన్‌కు మాత్రం దూరంగా ఉండటమే మేలు. ప్యాకేజీ ఆఫర్ ఎంత ఊరించినా సరే.

ఇప్పటికే నెలల తరబడి స్టెరాయిడ్ క్రీమ్ రాస్తున్నవాళ్లు ఒక్కసారిగా ఆపకుండా డాక్టర్‌ను కలిస్తే మంట తక్కువగా ఉండేలా దించుతారు. ప్రైవేటు ఫీజు భారమైతే అఫ్జల్‌గంజ్‌లోని ఉస్మానియా ఆసుపత్రిలో చర్మవ్యాధుల విభాగం ఉంది. దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో ఎక్కి ఎంజీబీఎస్‌లో దిగితే దగ్గరే. వెళ్లేటప్పుడు ఇప్పటిదాకా రాసిన ట్యూబులన్నీ, ఖాళీవైనా సరే, ఒక కవర్లో వేసుకుని వెళ్లండి.