లోయర్ బజారు మెట్లు

హైదరాబాదులో కాపురముంటూ ఆబిడ్స్‌కి వెళ్ళి ఓ చీరో, చెప్పులజతో కొనుక్కురాని ఇల్లాలు ఉందంటే నేను నమ్మను. ఆ పేరు ఎవరిదో మాత్రం చాలామంది ఆలోచించి ఉండరు. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ దగ్గర ఆల్బర్ట్ ఆబిద్ అని ఒక ఆంతరంగిక సేవకుడుండేవాడు. ఆయన పేరే ఆ పేటకి నిలిచిపోయింది. 1891లో సిమ్లాలో నగల వ్యాపారం చేసే జేకబ్ అనే ఆయన నిజాముకి ఒక వజ్రం బేరం పెట్టినప్పుడు, మధ్యవర్తి ఈ ఆబిదే. వజ్రం అంటే ముక్కుపుడకలోది కాదు సుమండీ, 184.75 కారట్లు!

బేరం చెడింది. గొడవ కలకత్తా హైకోర్టుకెక్కింది. జేకబ్ నిర్దోషిగా బయటపడ్డాడు గానీ వ్యాపారం కుప్పకూలి, 1921లో బొంబాయిలో పేదవాడిగా పోయాడు. రాయి మాత్రం హైదరాబాదులోనే ఉండిపోయింది. ఏడో నిజాం దాన్ని కాగితాలు ఎగిరిపోకుండా బరువుకి పెట్టుకునేవాడన్న కథ మీరూ వినే ఉంటారు. 1995లో భారత ప్రభుత్వం నిజాం నగలు కొన్నప్పుడు అదీ వాటితో పాటు వచ్చింది. కిప్లింగ్ ‘కిమ్’ నవలలో లర్గన్ సాహెబు పాత్రకి మూలం ఈ జేకబేనంటారు. డిగ్రీలో ఆ నవల చదివిన నాటినుంచీ నాకు సిమ్లా బజారు చూడాలని ఒకటే పిచ్చి.

తీరా ఇన్నేళ్ళకి, మొన్న అక్టోబరులో, మావారికి సెలవు దొరికి వెళ్ళాం. జేకబ్ పేరు ఇద్దరు ముగ్గురు దుకాణదారుల్ని అడిగాను. “జేకెట్లా? పక్క షాపులో అడగండి బహెన్‌జీ” అన్నాడొకాయన. వజ్రాన్ని అక్కడితో వదిలేశాను.

ఆ ఊరు ఎలా ఉంటుందంటే, మన ఇళ్ళల్లో దసరా బొమ్మలకొలువు మెట్లు వేస్తామే, అలాగ. పై మెట్టు మీద రిడ్జ్ అనే మైదానం, చర్చి. దాని కింద మాల్ రోడ్డు. ఆ కింద మిడిల్ బజారు, ఇంకా కింద లోయర్ బజారు, అట్టడుగున బస్సులూ లారీలూ ఆగే కార్ట్ రోడ్డు. 1864లో ఇంగ్లీషువాళ్ళు దీన్ని వేసవి రాజధాని చేశారు. ఏటా ఎండలు మొదలవగానే కలకత్తా నుంచి ప్రభుత్వం మొత్తం, ఫైళ్ళూ గుమాస్తాలతో సహా ఇక్కడికి తరలివచ్చేది. మొదట్లో రిడ్జ్ మీద కూడా మనవాళ్ళ బజారు ఉండేదట. దాన్ని తీసేశారు. దొరలు షికారు చేసే చోట మిరపకాయల ఘాటు ఎందుకనుకున్నారేమో! వ్యాపారులందరూ దిగువ వాలుకి సర్దుకున్నారు.

మాల్ నుంచి లోయర్ బజారుకి దిగే మెట్లసందులు ఎన్నో. ఒకదాంట్లో దిగాం. ఇద్దరు ఎదురుపడితే ఒకరు గోడకి అతుక్కోవాలి. ఒక దుకాణం కప్పు ఇంకో దుకాణానికి వాకిలి. ఉప్పు, పప్పు, ఉన్ని, ఇత్తడి గిన్నెలు, పెళ్ళికూతురి ఎర్రగాజులు, అప్పుడే దింపిన జిలేబీ వాసన. ఇక్కడ దూరితే పోలీసుల చేతికి ఎవరూ చిక్కరన్నట్టు కిప్లింగ్ రాశాడు. నేను పావుగంటలో మావారికే చిక్కకుండా పోయాను.

అక్కడ మెట్ల మీద కూర్చుని ఆయాసపడుతూంటే బెజవాడలో మా పిన్ని ఇల్లు గుర్తొచ్చింది. కొండ వాలున ఇల్లు. చిన్నప్పుడు సెలవులకి వెళ్తే, కింద పంపు దగ్గర పట్టిన బిందె చంకనెత్తుకుని పిన్ని ఆ మెట్లెక్కడం నాకింకా కళ్ళకి కట్టినట్టుంది. బెజవాడ కొండ మీద ఎంత పైకి పోతే అంత అద్దె తక్కువ, అంత లేమి. సిమ్లాలో పైకి పోయినకొద్దీ దర్జా. రెండూ కొండలే కదా, ఎందుకిలా తిరగబడింది? ఆలోచిస్తే పెద్ద రహస్యమేం కాదు. పిన్ని నీళ్ళు పిన్నే మోసుకోవాలి. దొరసాని నీళ్ళు దొరసాని మోయలేదు.

వజ్రమైతే జేబులో వేసుకుని ఎక్కేయొచ్చు. బొగ్గూ, బియ్యం, మేజాలూ, పియానోలూ ఎవరో ఒకరి వీపు మీద ఎక్కాలి. రైలు వచ్చింది 1903లో. వచ్చాక కూడా స్టేషను నుంచి పైకి మళ్ళీ వీపులే. మాల్ మీద గుర్రబ్బండి ఎక్కే హక్కు వైస్రాయికీ, సేనాధిపతికీ, పంజాబు గవర్నరుకీ మాత్రమే ఉండేది. మిగతా దొరలందరికీ మనుషులు లాగే రిక్షాలు. చుట్టుపక్కల పల్లెల రైతులకైతే కూలీ కూడా సరిగ్గా ఇవ్వకుండా బరువులు మోయించే ‘బేగార్’. మన వెట్టిచాకిరీకి అన్నదమ్ముడు. శామ్యూల్ స్టోక్స్ అనే అమెరికాయన కోట్‌గఢ్ కొండల్లో స్థిరపడి, అక్కడివాళ్ళలో ఒకడై, 1921లో ఆ బేగార్ మీద పోరాడి మాన్పించాడు. ఆ కొండలకి ఆపిల్ తోటలు తెచ్చినదీ ఆయనే. ఆపిల్ సంగతి అందరూ చెబుతారు, బేగార్ సంగతి ఎవరూ చెప్పరు.

ఆ 1921లోనే గాంధీగారు వైస్రాయి రీడింగ్‌ని కలవడానికి సిమ్లా వచ్చారు. తర్వాత రాసిన వ్యాసంలో ఈ ప్రభుత్వాన్ని ఐదువందలో అంతస్తులో కొట్టు పెట్టుకున్న వర్తకుడితో పోల్చారు. అంత పైన కూర్చుంటే కింది జనం గోడు ఏం వినిపిస్తుందని. కొట్టు అన్నమాట ఆయనకి ఊరికే తట్టిందో, లోయర్ బజారు చూశాక తట్టిందో గానీ నాకు భలే నచ్చింది.

ఈ చరిత్రంతా మావారికి అక్కడే మెట్ల మీద వినిపించాను. ఉత్సాహంగా వినిపించాననే చెప్పాలి. తర్వాత రెండు రజాయిలు, మా ఆడపడుచుకి ఓ కంబళి, ఓ పెద్ద కుక్కరు కొన్నాను. (కుక్కరు హైదరాబాదులో దొరకదా అని అడక్కండి.) మేము దిగినది రిడ్జ్ అవతల. ఆ మూట ఎవరు మొయ్యాలి?

మూలన తాడు భుజాన వేసుకుని ఒకాయన నిలబడి ఉన్నాడు. కాశ్మీరు నుంచి వచ్చే ఈ కూలీల్ని అక్కడ ‘ఖాన్’ అని పిలుస్తారు. గ్యాసు బండలు, బీరువాలు ఇప్పటికీ వీళ్ళ వీపుల మీదే పైకెక్కుతాయి. రెండువందలడిగాడు.

“నూటయాభై నిన్ననే ఒకరికిచ్చాం” అన్నాను. ఇవ్వలేదు. నూటఇరవైకి దించాను. కూరగాయల బండి దగ్గర చేసే అలవాటు కదా, నోరు దానంతటదే పలికేసింది.

ఆయన మూటని తాడుతో బిగించి, నడుం వంచి, ముందు నడిచాడు. వెనకాల చేతిసంచీతో నేను నాలుగుసార్లు ఆగాను. ఆయన ఒక్కసారి ఆగాడు, అదీ నాకోసం. పైకి చేరాక నూటఇరవై లెక్కపెట్టి ఇచ్చాను. నుదుటికి చెయ్యి తాకించి, తాడు చుట్టుకుని, మళ్ళీ ఆ మెట్ల వైపే వెళ్ళిపోయాడు.

“కాళ్ళు పీకేస్తున్నాయి, కాస్త కాఫీ తాగుదాం” అన్నారు మావారు. మాల్ మీద అద్దాల కిటికీ పక్కన కూర్చున్నాం. లోయంతా కనిపిస్తోంది. లోయర్ బజారు కప్పులు ఎర్రగా, ఒకదాని కింద ఒకటి. కాఫీ బాగుంది.

రెండు కాఫీలకి బిల్లు రెండువందల నలభై. మావారు చెయ్యి చాపారు గానీ, ఆ కాగితం ఆయనకివ్వకుండా నేనే కట్టేశాను.