పేగు జారిన చోట మిగిలే నొప్పి

పెదకాకాని నుంచి గుంటూరు మిర్చి యార్డు ఎంతో దూరం కాదు. అక్కడ టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, మోసే హమాలీల నోట ‘పేగు జారింది’ అన్న మాట తరచూ వినిపిస్తుంది. అదే హెర్నియా. ఆపరేషన్‌తో గజ్జల్లో ఉబ్బు పోతుంది. కొందరికి మాత్రం నెలలు గడిచినా సలుపు పోదు. కుట్లు మానాయి కదా, ఇంకా నొప్పేమిటని ఇంట్లోవాళ్లే అంటారు. ఆ నొప్పిని పరీక్షించి చూడాలని వైద్యులకు తోచడానికే వందేళ్లు పట్టింది.

ఇటలీలో బస్సీని అనే సర్జన్ 1887లో హెర్నియాను కుట్టే తన పద్ధతిని ప్రకటించింది మొదలు సర్జన్లను వేధించిన ప్రశ్న ఒక్కటే: హెర్నియా మళ్లీ వచ్చిందా? 1989లో లిక్టెన్‌స్టీన్ బృందం బిగువు లేకుండా మెష్ (వల) వేసే పద్ధతి ఫలితాలు ప్రచురించాక ఆ బెంగ చాలావరకు తీరింది. నొప్పి మాత్రం లెక్కలోకి రాలేదు.

కొలిచే సాధనం లేక కాదు. జర్మనీలో ఫాన్ ఫ్రే 1896 నాటికే పుల్లకు వెంట్రుక అతికించి, అది వంగేటంత బలంతో చర్మాన్ని తాకి స్పర్శను కొలిచాడు. 1960లో సెమ్స్, వైన్‌స్టీన్ వెంట్రుక స్థానంలో నైలాన్ పోగు తెచ్చారు. మన కుష్ఠు వైద్యులకు ఆ పోగులు బాగా తెలుసు. గజ్జల మచ్చ దగ్గరికి అవి ఆలస్యంగా వచ్చాయి.

2001లో డెన్మార్క్ వైద్యులు ఆపరేషన్ అయిన ఏడాదికి రోగులను అడిగితే, దాదాపు 29 శాతం మంది నొప్పి ఉందన్నారు. 11 శాతం మందికి అది పనికో, తీరిక వేళ వ్యాపకాలకో అడ్డమైంది. తర్వాత కోపెన్‌హాగన్‌లో కేలెట్, ఆస్వాంగ్ బృందం కుంచె, సూది మొన, వేడి, చల్లదనం, ఒత్తిడితో రెండు గజ్జలనూ పోల్చి చూసింది. నొప్పి ఉన్న వైపు చర్మం మొద్దుబారింది. అక్కడే కాస్త గట్టిగా నొక్కితే మాత్రం ప్రాణం విలవిల్లాడింది. గజ్జల్లోంచి వెళ్లే నరాలు తెగినా, కుట్టులోనో మెష్‌లోనో చిక్కుకున్నా ఇలా జరగవచ్చు. అయితే నొప్పి లేనివారిలోనూ మొద్దుబారడం కనిపించింది కనుక, నొప్పికి కారణం నరమేననడానికి అదొక్కటే రుజువు కాదు. 2010లో ఇదే బృందం మరో సంగతి తేల్చింది: ఆపరేషన్‌కు ముందు 47 డిగ్రీల వేడికి ఎక్కువ బాధపడినవారికే తర్వాత నొప్పి నిలిచిపోయే ముప్పు ఎక్కువ.

మిర్చి ఘాటుకు మూలమైన క్యాప్సైసిన్ పట్టీనీ ఈ నొప్పిపై ప్రయత్నించారు. 2014లో వెలువడిన ఫలితంలో ఉత్తుత్తి పట్టీకీ దానికీ చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. పరీక్ష ఎదిగినంతగా చికిత్స ఇంకా ఎదగలేదు.

తొలి పరీక్షకు ఖరీదైన యంత్రం అక్కర్లేదు. దూది, సూది, చల్లని లోహపు ముక్క చాలు. ఆపరేషన్ చేసిన ప్రతి డాక్టరూ మూడు నెలల తర్వాత ఆ రోగిని పిలిచి పరీక్షించాలి. నొప్పి ఉన్నవారు గజ్జల సంగతని సిగ్గుపడకుండా, ఎక్కడ మొద్దుబారిందో, ఎక్కడ ముట్టుకుంటే మంటో వేలితో చూపించి చెప్పండి.