సెక్షన్ 8 (ఆంధ్రప్రదేశ్ పునర్వ్యవస్థీకరణ చట్టం, 2014)

రాష్ట్ర విభజన అనంతరం ఉమ్మడి రాజధానిగా నిలిచిన హైదరాబాదులో శాంతిభద్రతల విషయమై గవర్నరుకు ప్రత్యేక బాధ్యత అప్పగించిన నిబంధన ఇది. 2014 జూన్ 2 నుంచి పదేళ్లకు మించని కాలానికి నగరం తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రాష్ట్రాలు రెండింటికీ రాజధానిగా ఉంటుందని 5వ సెక్షన్ నిర్దేశించగా, గ్రేటర్ హైదరాబాద్ నగరపాలక సంస్థ పరిధి ఉమ్మడి రాజధాని ప్రాంతమైంది.

ఈ ప్రాంత నివాసుల ప్రాణ, స్వేచ్ఛ, ఆస్తుల రక్షణతో పాటు అంతర్గత భద్రత, ప్రభుత్వ భవనాల కేటాయింపు కూడా ఆ బాధ్యతలో చేరాయి. గవర్నరు తెలంగాణ మంత్రిమండలిని సంప్రదించిన తరువాత సొంత విచక్షణతో, అంటే మంత్రుల సలహాకు కట్టుబడకుండా, నిర్ణయం తీసుకునే వీలుండేది. ఏ అంశం ఈ పరిధిలోకి వస్తుందన్న సందేహం తలెత్తితే ఆయన మాటే తుది మాటగా ఉండేది. రాజ్యాంగం ప్రకారం పోలీసు వ్యవస్థ రాష్ట్ర జాబితాలోనిది కనుక అసలు పేచీ ఇక్కడే.

2014 ఆగస్టులో గవర్నరు అధికారాలపై కేంద్ర హోంశాఖ రాసిన లేఖను తెలంగాణలోని కె. చంద్రశేఖరరావు ప్రభుత్వం గట్టిగా వ్యతిరేకించింది. 2015లో ఓటుకు నోటు కేసు, ఫోన్ ట్యాపింగ్ ఆరోపణల నడుమ సెక్షన్‌ను అమలు చేయాలని ఆంధ్రప్రదేశ్‌లోని చంద్రబాబు నాయుడు ప్రభుత్వం పట్టుబట్టింది. అయినా గవర్నరు ఇ.ఎస్.ఎల్. నరసింహన్ నగర పోలీసు పగ్గాలు చేపట్టలేదు.

2016లో ఆంధ్ర సచివాలయం గుంటూరు జిల్లా వెలగపూడికి తరలడంతో వివాదం పదును తగ్గింది. 2024 జూన్ 2న ఉమ్మడి రాజధాని గడువు ముగిసి, హైదరాబాదు ఒక్క తెలంగాణకే రాజధాని అయింది.